మహబూబ్‌ఘాటు మీద తెగిన చైను

పశువుల దవాఖాన కంపౌండర్ వడ్ల హనుమండ్లు పేరు బోథ్ చుట్టుపక్కల వినని ఊరు లేదు. విన్న ప్రతి ఊరికీ అతని మీద ఒకటే ఫిర్యాదు. ఎప్పుడొస్తాడో చెప్పడు. "రేపొస్తవా, ఎల్లుండొస్తవా?" అని ఎంత బతిమాలినా, "ఫట్‌ఫటి సప్పుడు ఇనవడ్డంక బయటికి రాండ్రి. గప్పటిదాక మీ పని మీరు చూసుకోండ్రి" అనేవాడు. సర్కారు కొలువు పాతబడేసరికి మనిషికి కొమ్ములు మొలిచాయని కొందరన్నారు. దవాఖానలో నిద్రపోయి బండి మీద నెపం పెడతాడని ఇంకొందరన్నారు. లోకం నోటికి మూకుడు ఎవరు పెడతారు? కానీ 1958 ఎండాకాలం దాకా అతనంత ధారాళంగా మాటిచ్చే మనిషి ఆ తాలూకాలో ఇంకొకడు లేడు. ఆ ఎండాకాలం సంగతి తెలిసినవాళ్లు కుప్పగూడ వాళ్లు మాత్రమే. వాళ్లు ఎవరికీ చెప్పలేదు.

అతను పుట్టింది చెన్నూరు దగ్గర, గోదావరి ఒడ్డు పల్లెలో. తండ్రి రాజం ఎడ్లబండ్లు చేసే వడ్లాయన. చక్రానికి ఆకులు బిగించడంలో ఎంత పేరో, కందెన కాచడంలో అంతకు రెండింతల పేరు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి వేసి నూరి, నూరి, వేలికి అంటుకుంటే మూడు రోజులు వదలని నల్లటి జిగురు తీసేవాడు. బండి ఇరుసుకు అది పట్టిస్తే చక్రం కిక్కురుమనకుండా తిరిగేది. పది ఊళ్ల రైతులు వెదురుగొట్టాలు పట్టుకుని ఆ కందెన కోసం వాళ్ల వాకిట్లో కూర్చునేవారు. హనుమండ్లు ఆ మసి చేతులతోనే బడికి పోయి నాలుగక్షరాలు ఉర్దూ నేర్చాడు. పోలీసు చర్య జరిగిన మూడో ఏడు, ఆ నాలుగక్షరాల పుణ్యమా అని కొలువు దొరికింది.

బోథ్‌లో అతనికి ఒక డాక్టరు సాబును, ఒక మందుల బీరువాను, ఒక ఫట్‌ఫటిని అప్పజెప్పారు. ఫట్‌ఫటి అంటే ఫౌజు వాళ్లు వాడి వాడి వదిలిపెట్టిన మోటార్ సైకిల్. డాక్టరు సాబు దానికి దూరం నుంచే దండం పెట్టి, నడిచిపోగలిగిన ఊళ్లు తనవని, మిగతావి కంపౌండర్‌వని పంచేశాడు. ఆ విధంగా అరవై ఊళ్ల ఎడ్లు, ఆవులు, బర్లు హనుమండ్లు పాలబడ్డాయి.

బండి మంచిదే. ఇంజను ఏనుగులాంటిది. వచ్చిన చిక్కల్లా చైనుతోనే. వారానికి ఒకసారైనా తెగేది. వాగులో తెగేది, చేలలో తెగేది, పెళ్లి ఊరేగింపు ఎదురైనప్పుడు సరిగ్గా బాజాల ముందు తెగేది. అతను ఒక రేకు డబ్బాలో చిన్న సుత్తె, మేకులు, నాలుగైదు పాత లింకులు పెట్టుకుని తిరిగేవాడు. తెగిన చోట దిగి, తల వంచుకుని దారి వెంట నడుస్తూ పడిపోయిన పిన్ను వెతుక్కునేవాడు. "ఏం పోయింది కంపౌండర్ సాబ్?" అని పొలాల్లోంచి అడిగేవారు. "నా ఇజ్జత్ పోయింది, దొరికితే చెప్పుండ్రి" అనేవాడు. పిన్ను దొరక్కపోతే మేకును రాయి మీద సాగగొట్టి దూర్చేవాడు. అదీ కుదరకపోతే ఎవరో ఒక రైతు జోడెడ్లు కట్టి ఫట్‌ఫటిని గుంజుకుంటూ ఊళ్లోకి తెచ్చేవాడు. వైద్యం చేయవలసినవాడిని పశువులే లాక్కొస్తుంటే ఊరు ఊరంతా పకపకా నవ్వేది. అందరికంటే గట్టిగా అతనే నవ్వేవాడు.

భార్య దేవవ్వ మాత్రం నవ్వేది కాదు. ఫట్‌ఫటి చప్పుడు వీధి మలుపులో వినిపించాకే ఆమె పొయ్యి మీద పెనం పెట్టి జొన్నరొట్టె కొట్టేది. "నీ చైను పాడుగాను, గా కొత్తది ఎప్పుడిప్పిస్తరో అడుగరాదు?" అనేది. అడగకేం? కొత్త చైను కోసం రాసిన అర్జీ హైదరాబాదు రాష్ట్రంలో బయల్దేరింది. మధ్యలో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, బోర్డుల మీద అక్షరాలు మారాయి, అర్జీ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. హనుమండ్లుకు దాని మీద బెంగ లేదు. "చైనంటే తెగుతది. తెగుడు దాని పని, అతుకుడు నా పని. మధ్యల ఇంత చుట్ట కాల్చుకునే తీరిక దేవుడిచ్చిండు" అనేవాడు. ఆ మాట బాగుందని జనం మెచ్చుకునేవారు. మెచ్చుకోలు ఎక్కువైతే మనిషి తన మాటను తానే వేదం అనుకుంటాడు. అతనూ అనుకున్నాడు.

నిర్మల్‌లో ఖాజామియా అనే మిస్త్రి ఉండేవాడు. లారీలు బాగుచేసే మనిషి. ఒకసారి ఆ చైనును వేలితో తడిమి ముక్కు దగ్గర పెట్టుకుని, "గిదేం పూసినవ్ భాయ్?" అని అడిగాడు. హనుమండ్లు గర్వంగా చెప్పాడు, మా బాపు కందెన అని. ఇంట్లో తన చేత్తో కాచి వారం వారం పట్టిస్తున్నానని. ఖాజామియా నెత్తి కొట్టుకున్నాడు.

"ఎడ్లబండి గంటకు రెండు మైళ్లు పోతది. గిది ముప్పై మైళ్లు ఉరుకుతది. గీ జిగురుకు దారిల దుమ్మంత పడుతది, లోపల సాన పెట్టినట్టు అరుగుతది. గ్యాసునూనెతోని కడుగు, పల్చటి నూనె జర్రంత వెయ్యి. నా మాట ఇను."

హనుమండ్లు విన్నాడు, తలూపాడు, బయటికొచ్చి నవ్వుకున్నాడు. లారీల మిస్త్రికి కందెన గురించి ఏం తెలుసనుకున్నాడు. రాజం కొడుక్కి ఇరుసు గురించి చెప్పేటంతవాడా! ఆ వారం ఇంకో పూత ఎక్కువే పట్టించాడు.

ఆ ఏడు చైత్రం వెళ్లేసరికి పశువులకు పెద్దరోగం దిగింది. కళ్ల నుంచి, ముక్కు నుంచి నీరు కారడం, నోరు పుండై మేత ముట్టకపోవడం, పారుడు పట్టుకోవడం, వారం తిరక్కుండా పశువు నేలకు ఒరగడం. అది వచ్చిందని తెలిస్తే ఆ వైపు ఊళ్లు కట్టు కట్టుకునేవి. పొలిమేరలో దారికి అడ్డంగా వేపమండల తాడు కట్టి, పోశమ్మకు మొక్కి, తొమ్మిది రోజులు పశువును ఊళ్లోకి రానివ్వరు, ఊళ్లోదాన్ని దాటనివ్వరు. ఏ ఇంటి పశువు ఆ ఇంటి కొట్టంలోనే ఉండాలి. ఎవరి నీళ్లు వాళ్లు మోసుకొచ్చి పెట్టాలి. ఒక ఇంటి గడ్డిపోచ ఇంకో ఇంటికి పోకూడదు. తాతలనాటి నుంచి అదే పద్ధతి.

కుప్పగూడలో ఊరి చివర రెండు దూడలు పడిపోయాయి. కట్టు కట్టిన నాలుగో రోజు హనుమండ్లు వెళ్లాడు. కట్టుతో రోగం పోదని, సూది ఒక్కటే దారని చెప్పాడు. నిర్మల్‌కు మంచుగడ్డల మీద మందు వస్తున్నదని, ఆ పొడిని నీళ్లలో కలిపాక గంటకు మించి ఆగదని, ఇల్లిల్లూ తిరుగుతూ వేస్తే సగం మందు పాడవుతుందని చెప్పాడు. అందుకని పశువులన్నిటినీ ఒక్కచోట నిలపాలి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దవాఖాన కాగితంలో కూడా అలాగే రాసి ఉంది.

ఊరి పెద్ద గంగయ్య పటేల్ ఒప్పుకోలేదు. "తొమ్మిదొద్దులు నిండకుంట కట్టు ఇప్పుతె మంచిగుండదు. మా తాతలు గట్ల చెయ్యలే" అన్నాడు.

అప్పుడు సక్కుబాయి ముందుకొచ్చింది. నలభై ఏళ్ల మనిషి, భర్త పోయి ఆరేళ్లయింది, బిడ్డలు లేరు. ఆమెకున్న ఆస్తి అయిదెకరాల రేగడి, దానికంటే విలువైన జోడెడ్లు. ఆడమనిషి నాగలి పడితే ఊరు ఒప్పుకోదు కాబట్టి, వాన పడగానే ఆమె తన ఎడ్లను ఎడ్లు లేని ఇళ్లకు ఇచ్చేది. ప్రతిగా ఆ ఇళ్ల మగవాళ్లు ఆమె చేను దున్ని, విత్తి పెట్టేవారు. ఎడ్లు ఉన్నన్నాళ్లు ఆమె ఎవరి వాకిట్లోనూ చేయి చాచనక్కర్లేదు. రెండేళ్ల కింద వాటిలో ఒకటి లేత జొన్న తిని కడుపు ఉబ్బి పడిపోతే, హనుమండ్లు తెగిన చైనును మెడలో వేసుకుని, నాలుగు మైళ్లు బండి తోసుకుంటూ వచ్చి మరీ బతికించాడు. ఆమె అది మరిచిపోలేదు.

"పటేలా, గీ తమ్ముడు మాట తప్పెటోడు కాదు. నా ఎడ్లను నేనే మొదలు ఇప్పుకొస్త. తర్వాత మీ ఇష్టం" అంది.

గంగయ్య ఆమె మాట కాదనలేక హనుమండ్లు వైపు తిరిగాడు. "ఎప్పుడొస్తవు మరి?"

"బుధారం. పొద్దు బారెడెక్కేసరికి ఊళ్ల ఉంట. మీరు పశువులను కల్లం కాడికి తోలి, నేనొచ్చేదాక కదలనియ్యకుండ్రి. నేను దిగుడు, సూది ఎక్కుడు."

"గడియ అటో ఇటో అయితదా?"

"కాదు. నాది పూచీ" అన్నాడు హనుమండ్లు. పూచీ అనే మాట అంత సులువుగా అతని నోటి నుంచి వచ్చింది.

మంగళవారమే నిర్మల్ చేరుకున్నాడు. నిజామాబాదు నుంచి బస్సు మీద రంపపొట్టులో చుట్టిన మంచుగడ్డ వచ్చింది. మందు సీసాలను దాని మధ్య పెట్టి, గోనెసంచి చుట్టి, చెక్కపెట్టెలో కట్టించుకున్నాడు. మధ్యాహ్నం లోపల వాడకపోతే మంచు కరుగుతుంది, మంచు కరిగితే మందు చస్తుంది. బుధవారం తెల్లవారుతుండగా పెట్టెను బండి వెనక తాడుతో బిగించి బయల్దేరాడు. ముప్పై మైళ్లు. గంటన్నర ప్రయాణం. చైను తెగితే అరగంట కలుపుకో. ఎన్ని లెక్కలు వేసినా పొద్దు బారెడెక్కక ముందే చేరాలి.

మహబూబ్‌ఘాటు ఎక్కుతుంటే మూడో మలుపులో తెగింది.

హనుమండ్లు ఏమీ కంగారు పడలేదు. ఎప్పటిలాగే బండిని పక్కకు నిలబెట్టి, చైనును ఏరుకొచ్చి రాతి మీద పరిచి, చుట్ట వెలిగించాడు. సగం చుట్ట కాలేసరికి కింది నుంచి ఆదిలాబాద్ బస్సు మూలుగుతూ వచ్చి పక్కన ఆగింది. డ్రైవర్‌కు అతను బాగా తెలుసు.

"కంపౌండర్ సాబ్, మల్ల తెగిందా? పెట్టె పట్టుకొని ఎక్కు, నేరడిగొండల దించుత."

హనుమండ్లు బండి వైపు చూశాడు. సర్కారు బండిని ఘాటు మీద వదిలిపోవడానికి మనసొప్పలేదు. అదొక్కటే కాదు. ఆ ఊళ్లోకి ఫట్‌ఫటి మీద దిగితే ఉండే దర్జా వేరు. అన్నిటికీ మించి, చైను తెగితే ఏం చేయాలో తనకు తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

"నువ్ పో అన్న. దీనికి నాకు రోజుండే పంచాయితే. పావుగంటల నీ ఎనకనే ఉంట" అన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత బస్సు మళ్లీ మధ్యాహ్నం దాటాకే. హనుమండ్లు చుట్ట పూర్తి చేసి, తీరిగ్గా మేకు సాగగొట్టి, లింకు కలిపి, చేతులు తుడుచుకున్నాడు. ఒక మైలు నడిచిందో లేదో బండి కింద నుంచి ఫటీమని చప్పుడైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈసారి చైను ఒక్కచోట కాదు, మూడుచోట్ల తెగింది. ఒక ముక్క ముందరి పళ్లచక్రానికి చుట్టుకుని బిగుసుకుపోయింది. ఇంకో ముక్క గాల్లోకి లేచి, లోయలోని బండల మధ్య ఎక్కడో పడింది.

డబ్బాలో మూడు లింకులే ఉన్నాయి. కావలసినవి ఏడు. మేకుతో పిన్ను చేయవచ్చు కానీ లింకు రేకు చేయలేం. చక్రానికి చిక్కుకున్న ముక్కను పీకి చేతిలోకి తీసుకున్నాడు. నల్లటి ముద్ద. దాన్ని బొటనవేలితో నలిపి చూశాడు. లోపల ఇసుక గరగరలాడింది. రేకుల చిల్లులు అరిగి కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉన్నాయి. ఖాజామియా చెప్పింది అక్షరం పొల్లుపోకుండా అతని అరచేతిలో ఉంది. ఏడేళ్లుగా చైను తెగడం దాని గుణం అనుకున్నాడు. తన చేత్తో, తండ్రి నేర్పిన విద్యతో, వారం వారం భక్తిగా తానే దాన్ని కోస్తూ వచ్చాడు.

అప్పుడు లేచి పరుగెత్తాడు. ఎటు పరుగెత్తాలి? పైకి కొంత దూరం, కిందికి కొంత దూరం. బండి తోసి చూశాడు, ఎత్తులో అది రెండు బారలు కదిలి నిలబడిపోయింది. దుంగలు వేసుకున్న లారీలు రెండు వచ్చాయి, రెండూ ఎదుటి నుంచే. నిర్మల్ వైపు పోయేవి. ఒక లారీ అతన్ని కావాలంటే వెనక్కి తీసుకుపోతానంది. వెనక్కి పోయి ఏం చేస్తాడు? పెట్టెను నీడలో పెడదామని చూస్తే, ఎండాకాలం టేకుచెట్టుకు ఆకు ఉండదు. అడవి అడవంతా కట్టెలు పాతినట్టు నిలబడి ఉంది. తన ధోవతి కొంగు చించి, సీసాలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో తడిపి పెట్టె మీద కప్పాడు. తన ఒంటినే అడ్డం పెట్టి ఎండకు వీపు చూపి కూర్చున్నాడు.

పెట్టె మూల నుంచి నీటిచుక్కలు పడసాగాయి. మొదట ఒకటొకటిగా, తర్వాత సన్నటి ధారగా. పొద్దు బారెడెక్కింది. ఇప్పుడు కల్లం దగ్గరికి మంద వచ్చి ఉంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. మంద ఇంకా అక్కడే ఉంటుంది. తానే చెప్పాడు, వచ్చేదాకా కదలనివ్వొద్దని. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఇంత పెద్ద అడవిలో ఒక్క దారి లేదు. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు బడిలో పంతులు వల్లె వేయించాడు. అతను ఏడ్చాడు. ఎవరూ లేరు కాబట్టి పైకే ఏడ్చాడు.

మధ్యాహ్నం బస్సు వచ్చేసరికి సంచిలో మంచు లేదు, తడిసిన పొట్టు మాత్రం ఉంది. సీసాలు పట్టుకుంటే అతని చేతికంటే వెచ్చగా ఉన్నాయి. ఇక వెనక్కి పోయినా ఒకటే, ముందుకు పోయినా ఒకటే అని ఇంకొకడైతే అనుకునేవాడు. అతను ముందుకే పోయాడు. మందు కోసం కాదు, మందను విడిపించడం కోసం. నేరడిగొండలో దిగి, పెట్టెను నెత్తిన పెట్టుకుని, కుప్పగూడ దారి పట్టాడు. సగం దారి నడిచాడు, సగం ఉరికాడు.

పొద్దు వాలుతుండగా పొలిమేర చేరాడు. వేపమండల తాడు తెగ్గొట్టి పక్కన పడేసి ఉంది. కల్లంలో నూటపన్నెండు పశువులు. మధ్యలో ఒకే ఒక రాతి తొట్టి. పొద్దుటి నుంచి అన్నీ అందులోనే మూతి పెట్టి తాగాయి, ఒకదాని ఒంటికి ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. మనుషులు కూడా పొయ్యి వెలిగించకుండా, పస్తుతో వాటి చుట్టూ కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నమే తోలుకుపోతామని నలుగురు లేచారట. సక్కుబాయి కాళ్లావేళ్లా పడి ఆపిందట. వస్తడు, మాటిచ్చిండు, ఇంకో గడియ చూడుండ్రి అని. ఆ సంగతి ఆమె చెప్పలేదు, పక్కనున్నవాళ్లు చెప్పారు.

హనుమండ్లు మంద మధ్యకు నడిచాడు. తొట్టి పక్కనే ఒక గోధుమరంగు ఎద్దు తల వేలాడేసి నిలబడి ఉంది. దాని కళ్ల కింద తడి చార. పెదవి మీంచి చొంగ తీగలా సాగి తొట్టిలో పడుతోంది.

"గిది ఎవరిది? గీ రోగం పశువును మందల ఎవరు కలిపిండ్రు?"

గంగయ్య పటేల్ ముందుకొచ్చి దాని పగ్గం పట్టుకున్నాడు. "నాదే. సూది వడితె బతుకుతదేమో అని తోలుకొచ్చిన. నువ్వు పొద్దుగాల్నే వస్తనంటివి. గంట సేపట్ల ఏమైతదిలే అనుకున్న."

కట్టు విప్పవద్దని పట్టుబట్టిన పెద్దమనిషి అతను. హనుమండ్లు పెట్టె దించి కింద కూర్చుండిపోయాడు.

"మందు సచ్చింది పటేలా. చైను తెగింది. మంచు కరిగింది. ఇగ దీంతోని ఏం కాదు."

"సచ్చిందైనా సరే, వెయ్యి" అన్నాడు గంగయ్య. అతని గొంతులో కోపం లేదు, బతిమాలడం ఉంది. "ఉత్త సూదే పొడువు. పొద్దటిసంది ఉపాసముండి చూస్తున్నం. ఏదో ఒకటి చెయ్యి."

చేతిలో సూది ఉంది, సీసా ఉంది, ఎదురుగా ఊరంతా చేతులు జోడించి ఉంది. పొడిచేస్తే ఆ పూటకు అందరి మనసూ కుదుటపడుతుంది, తన మనసు కూడా. కానీ సూది పడ్డదన్న ధీమాతో రేపు మందను కలిపి మేతకు వదులుతారు. హనుమండ్లు తల అడ్డంగా ఊపాడు. "వద్దు పటేలా. ఎవరి పశువును వాళ్లు తోలుకపోండ్రి. మల్ల కట్టు కట్టుకోండ్రి. నీళ్లు, మేత దేనిది దానికే. తొట్టి బోర్లియ్యుండ్రి. నేను మల్ల మంచు తెస్త."

జనం లేచి, ఎవరి పశువును వాళ్లు విడదీసుకుని ఇళ్లకు తోలుకుపోయారు. ఒక్కరు తిట్టలేదు. తిడితే కొంత తేలికపడేవాడు. సక్కుబాయి తన ఎడ్ల పగ్గాలు రెండూ ఒకే చేత పట్టుకుని, అతని పక్కనుంచి పోతూ ఆగి, "కాళ్లకు చెప్పులన్న లేవు గద తమ్మీ" అంది. ఉరుకులాటలో చెప్పులు ఎక్కడ జారిపోయాయో అతనికి అప్పటిదాకా తెలియదు.

మళ్లీ మంచు రావడానికి పదమూడు రోజులు పట్టింది. ఈలోగా హనుమండ్లు ఘాటు మీద వదిలిన బండిని లారీలో వేయించుకుని పోయి, నిర్మల్‌లో ఖాజామియా దుకాణం ముందు నేల మీద కూర్చుని, "నువ్వు చెప్పిందే నిజం భాయ్" అన్నాడు. ఖాజామియా దెప్పలేదు. ఎక్కడో మూలపడిన ఇంకో ఫౌజు బండి చైనును వెతికి తీసి, గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, రాత్రంతా నానబెట్టి, పల్చటి నూనె వేసి బిగించి ఇచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇంటికొచ్చిన హనుమండ్లు కందెన కుండను దేవవ్వ చూస్తుండగా పెంటకుప్పలో గుమ్మరించాడు.

పదమూడో రోజున బండి ఘాటును గాలిలా ఎక్కింది. ఒక్క లింకు కిర్రుమనలేదు. పొద్దు బారెడెక్కక ముందే కుప్పగూడ పొలిమేరలో దిగాడు, మంచు గడ్డగడ్డగానే ఉంది. ఆ బండి అంత చక్కగా నడిచినందుకు అతనికి దాని మీద పట్టరాని కోపం వచ్చింది.

ఊరి బయట తవ్విన గోతుల మీద మట్టి ఇంకా ఆరలేదు. ఈసారి అతను ఎవరినీ కల్లానికి రమ్మనలేదు. మందు పాడైతే పాడైందని, సీసా తర్వాత సీసా కలుపుకుంటూ తానే గడప గడపకూ తిరిగాడు. మందేమీ పాడు కాలేదు. నూటపన్నెండింటిలో మిగిలినవి ఇరవై ఒకటి.

సక్కుబాయి కొట్టంలో ఒక ఎద్దే ఉంది. ఆమె దాని మెడ పట్టుకుంటే అతను సూది వేశాడు.

"ఇగ ఇది బతుకుతదా తమ్మీ?"

"బతుకుతదక్కా. దీనికి ఇగ జన్మల ఆ రోగం రాదు."

"బతికి ఏం జేస్తది? జోడు లేకపాయె" అంది ఆమె. ఆ మాటలో నిందేమీ లేదు, ఉన్న సంగతి చెప్పింది. తర్వాత ఎద్దు గంగడోలు నిమురుతూ, "ఇది దాపట నడిచేది. దీనికి వలపటిది గావాలె. నువ్వు ఇల్లిల్లు తిరుగుతున్నవు గద, యాడన్న వలపటి ఎద్దు ఒంటిగ మిగిలిందేమో జర చూసి రా. వాళ్లకు నాది, నాకు వాళ్లది అక్కరకొస్తది" అంది.

నాగలికి ఎడమ పక్క నడవడం మరిగిన ఎద్దు కుడిపక్క నడవదు. ఆ సంగతి ఎడ్లబండ్లు చేసే ఇంట పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. హనుమండ్లు సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. సూది వేయవలసిన ఇళ్లకు పోయాడు, వేసేసిన ఇళ్లకు మళ్లీ పోయాడు. ఆవులు ఉన్నాయి, ఎనుములు ఉన్నాయి, కోడెదూడలు ఉన్నాయి. ఒంటిగా మిగిలిన ఎడ్లు నాలుగు కనిపించాయి. నాలుగింటి దగ్గరా ఆగి, ఇది ఏ పక్క నడిచేదని అడిగాడు. దాపట, దాపట, దాపట. నాలుగోది గంగయ్య పటేల్ వాకిట్లో ఉంది. పటేల్ అరుగు మీద కూర్చుని అతని ముఖం చూసి, అడగకముందే, "దాపటిదే" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి సక్కుబాయి వాకిట్లోనే నిలబడి ఉంది. అతను ఉత్త చేతులతో రావడం చూసి ఆమె కొట్టంలోకి పోయింది. రెండు ఎడ్లు తినే గాడిలో ఒకవైపే గడ్డి వేసి వచ్చి, చేతులు కడుక్కుంది.

"పొద్దటిసంది ఏమన్న తిన్నవా తమ్మీ? కాళ్లు కడుక్కో, గట్క పెడుత."

ఆమె పెట్టింది. హనుమండ్లు తల ఎత్తకుండా, పెట్టినదంతా తిన్నాడు. ఆ ఇంట్లో కాదనే మొహం అతనికి లేదు.